ఫీల్డ్ వర్క్‌లో ఊరికే కూర్చుని వస్తున్నట్టుంది, సోషల్ వర్క్ చదువంటే ఇదేనా?

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. సోషల్ వర్క్ పీజీలో ఈ మధ్యే చేరాను, డిగ్రీలో నాది వేరే సబ్జెక్టు. క్లాసులు బాగున్నాయి. కేస్ వర్క్ (ఒక్కో మనిషితో విడిగా పనిచేయడం), గ్రూప్ వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, మనిషి ఎదుగుదల మీద ఒక పేపరు, ఏది చదివినా ఆసక్తిగానే ఉంది. ఇబ్బందంతా ఫీల్డ్ వర్క్ రోజుల్లోనే. నన్ను ఆసుపత్రికి వేశారు. పొద్దున వెళ్లి వార్డులో కూర్చుంటాను, పేషెంట్లతో, వాళ్ల వెంట వచ్చినవాళ్లతో మాట్లాడతాను, సాయంత్రం రికార్డు రాస్తాను, అంతే. డాక్టర్లకి ఒక పని ఉంది, నర్సులకి ఒక పని ఉంది, నువ్వెందుకొచ్చావమ్మా అని ఎవరైనా అడిగితే సూటిగా చెప్పలేకపోతున్నాను. చాలామంది నన్ను కొత్త నర్సమ్మ అనుకుంటున్నారు.

ఒకాయన షుగర్ మందులు మానేసి మళ్లీ మళ్లీ అడ్మిట్ అవుతున్నాడు. మందులు ఎందుకు ముఖ్యమో ఓపిగ్గా చెప్పాను, తలూపాడు, అదే రికార్డులో రాశాను. మా ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ మేడం ఆ పేజీ అంచున ఎర్ర పెన్నుతో "ఈయనకి రోజు ఎలా గడుస్తుంది?" అని మాత్రం రాసి తిరిగిచ్చారు. బాగుందనీ లేదు, బాలేదనీ లేదు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. అందరికీ మొదట్లో ఇలాగే ఉంటుందా, లేక నాకు ఈ చదువు సరిపడదా? సీనియర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రికార్డు_బుక్

చెల్లీ, మీ మేడం నీకు ఇవ్వగలిగినంత మంచి ప్రశ్న ఇచ్చారు. నేను మెడికల్ సోషల్ వర్కర్‌ని, నీలాంటి వార్డుల్లోనే పని చేస్తున్నాను. మందులు మానేసిన మనిషికి మందుల విలువ చెప్పేవాళ్లు ఆసుపత్రి నిండా ఉంటారు. ఆయన ఎన్నింటికి లేస్తాడు, ఎప్పుడు తింటాడు, మాత్ర వేసుకున్నాక ఒంట్లో ఎలా ఉంటుంది, పనిచేసే చోట కూర్చోవడానికైనా వీలుంటుందా, ఇంట్లో మందుల ఖర్చు ఎవరు చూస్తారు, ఇవి అడిగే తీరిక అక్కడ ఇంకెవరికీ ఉండదు. నీ పని అక్కడుంది. 1905లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రిచర్డ్ కాబట్ అనే డాక్టరు సోషల్ వర్కర్‌ని పెట్టుకున్నది కూడా ఇందుకే. రోగి ఇల్లూ పనీ ఎలాంటివో తెలియకుండా తాను రాసే మందు సగం వృథా అవుతోందని ఆయనకి అర్థమైంది. మొదట గార్నెట్ పెల్టన్, ఆ తర్వాత ఐడా కానన్ ఆ పనిలోకి వచ్చారు. నువ్వు కూర్చుంటున్న ఆ కుర్చీకి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

ఇక రికార్డు సంగతి. "పేషెంట్‌కి కౌన్సెలింగ్ ఇచ్చాను" అని ఒక్క వాక్యం రాస్తే నీకు ఎవరూ ఏమీ నేర్పలేరు. పేజీని మూడు నిలువు గళ్లు చెయ్. మొదటి గడిలో ఆయన అన్నదీ నువ్వన్నదీ గుర్తున్నంత వరకు ఉన్నదున్నట్టు, రెండో గడిలో అప్పుడు నీ మనసులో ఏముందో, మూడోది సూపర్‌వైజర్ కోసం ఖాళీగా. ఊహించి రాస్తున్నాను చూడు.

మొదటి గడి: "మందులు వేసుకుంటున్నారా అని అడిగాను. ఆఁ, వేసుకుంటున్నా అన్నాడు, నా వైపు చూడలేదు."
రెండో గడి: "నిజం చెప్పడం లేదనిపించింది. కోపం వచ్చింది. ఏమనాలో తెలియక తిండి గురించి అడిగేశాను."
మూడో గడిలో సూపర్‌వైజర్: "నీ కోపం ఆయనకి కనిపించి ఉంటుందా? ఆ 'ఆఁ' దగ్గర కాసేపు ఆగితే ఏమయ్యేది?"

ఈ రెండో గడి నిజాయితీగా రాయడం మొదలుపెట్టాక ఫీల్డ్ వర్క్ రోజు నీకే వేరుగా కనిపిస్తుంది. చాలామంది అది రాయడానికి భయపడతారు, మార్కులు పోతాయని. మంచి సూపర్‌వైజర్ దగ్గర పోవు.

మేఘమాల

నేను ఫీల్డ్ వర్క్ చూసే టీచర్‌ని. పైన అమ్మాయి రాసింది అక్షరాలా నిజం, మేం ఎదురుచూసేది ఆ రెండో గడి కోసమే.

కొత్తచిగురూ, ఒక జాగ్రత్త చెప్తానమ్మా. ఆయన గురించి ఇక్కడ ఇంతకంటే రాయకు. వార్డు, వయసు, చేసే పని, ఉండే చోటు, వీటిలో ఏ రెండు కలిసినా తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు. రికార్డు బుక్కులో కూడా అసలు పేరు రాయకూడదు. బుక్కు బస్సులో తెరవకూడదు, పేజీ ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. పరీక్షలో గోప్యత మీద అందరూ రెండు పేజీలు రాస్తారు, క్యాంటీన్‌లో మాత్రం కేసు గురించి గట్టిగా మాట్లాడుకుంటారు. నాకు బాగా బాధ కలిగించే విషయం అది.

గోప్యతకి హద్దులున్నాయన్న సంగతి కూడా మొదటి రోజే తెలియాలి. ఆ మనిషి ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందని తెలిసినప్పుడు, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినప్పుడు, నీలో దాచుకోకూడదు, వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు థెరపిస్టుల విషయంలో ఇదే చెప్పింది, ఎదుటి మనిషికి ప్రమాదం ఉన్నప్పుడు వాళ్లని కాపాడే బాధ్యత కూడా థెరపిస్టు మీద ఉందని. అందుకే "మీరు ఏం చెప్పినా ఎవరికీ చెప్పను" అని ఎప్పుడూ మాట ఇవ్వకు. నిలబెట్టుకోలేని మాట అది.

వీధిబడి

అక్క, మేడం చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం చెప్తాను. నేను ఆసుపత్రి మనిషిని కాదు, చాలా ఏళ్లుగా బస్తీల్లో కమ్యూనిటీ పని చేస్తున్నాను. మన సిలబస్ ఎక్కడ తెరిచినా ముందు కేస్ వర్క్ ఉంటుంది, సోషల్ యాక్షన్ (పరిస్థితుల్నీ చట్టాల్నీ మార్చడానికి అందరూ కలిసి పనిచేయడం) చివర్న ఒక యూనిట్, అది కూడా పరీక్ష దగ్గరికొచ్చాక హడావిడిగా లాగించేస్తారు. పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? సమస్య మనిషిలో ఉంది, మాట్లాడి సర్దిచెప్పాలి అని. ఒకాయన మందులు మానేశాడంటే ఆయన మనసులో ఏముందో వెతుకుతాం, కానీ ఆయన పనిచేసే చోట మందు వేసుకోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వని యజమాని గురించి ఎవరూ రికార్డు రాయరు.

ఈ చదువుకి పుట్టుక నుంచీ రెండు పాయలు ఉన్నాయి. ఒక పక్క మేరీ రిచ్‌మండ్, 1917లో ఆమె రాసిన పుస్తకంతో ఒక్కో మనిషి పరిస్థితిని పద్ధతిగా పరిశీలించడం ఒక విద్య అయింది. ఇంకో పక్క జేన్ ఆడమ్స్. 1889లో ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగోలో వలస కూలీల మధ్య ఇల్లు తీసుకుని అక్కడే ఉండిపోయింది, అదే హల్ హౌస్. అక్కడున్న ఆడవాళ్లు ఏం చేశారో తెలుసా? ఆ చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఎవరున్నారు, వారానికి ఎంత సంపాదిస్తున్నారు అని రాసుకుని, వీధి మ్యాపుల మీద రంగులతో గుర్తించి 1895లో అచ్చు వేశారు. వాళ్లలో ఫ్లారెన్స్ కెల్లీ 1893లోనే ఇల్లినాయ్ రాష్ట్రానికి చీఫ్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ అయింది. పిల్లలకి విడిగా మొదటి జువెనైల్ కోర్టు 1899లో అక్కడే వచ్చింది, దాని వెనకా వీళ్లే ఉన్నారు. ఆడమ్స్‌కి 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇది కూడా సోషల్ వర్కే కదా, మరి ఫీల్డ్ వర్క్‌లో ఇల్లిల్లూ తిరిగి మ్యాపు గీయించే కాలేజీలు ఎన్ని?

రికార్డు_బుక్

అన్నా, యజమాని గురించి రాయకూడదని ఎవరన్నారు? ఎకోమ్యాప్ ఉన్నదే అందుకు. మధ్యలో పెద్ద సున్నా చుట్టి కుటుంబాన్ని పెడతాం. చుట్టూ పని, బంధువులు, ఆసుపత్రి, అప్పు ఇచ్చినవాళ్లు, పిల్లల బడి, ఒక్కోదానికి ఒక్కో సున్నా. బలమైన సంబంధానికి లావు గీత, బలహీనమైనదానికి చుక్కల గీత, రాపిడి ఉన్నచోట అడ్డగీతలు కొట్టిన గీత. ఆ బొమ్మ ముందు పెట్టుకుంటే యజమాని వైపు ఉన్న గీత మీద ఎన్ని అడ్డగీతలున్నాయో పేషెంటే చూపిస్తాడు. నేను చాలామందితో వాళ్ల చేతే గీయించాను, అప్పటిదాకా ముక్తసరిగా జవాబిచ్చినవాళ్లు పెన్ను చేతికివ్వగానే మాట్లాడతారు.

చట్టం మారాలి, నిజమే. కానీ రేపు డిశ్చార్జి అయ్యే మనిషి చట్టం మారేదాకా ఆగలేడు కదా. నా జీతం ఆ రేపటి కోసం ఇస్తున్నారు.

వీధిబడి

అది ఒప్పుకుంటానమ్మా. నువ్వు చెప్పేలాంటి కేస్ వర్క్ అయితే నాకు పేచీ లేదు. అలా నేర్పే చోట్లు తక్కువన్నదే నా బాధ.

సగంచదువు

నాది వేరే ప్రశ్న, ఇక్కడే అడగొచ్చా? వయసు నలభై దాటింది. ఉద్యోగం చేస్తూనే ఏళ్ల తరబడి వాలంటీర్‌గా పనిచేస్తున్నాను, రక్తదానం క్యాంపులు, వృద్ధాశ్రమం, పిల్లలకి ట్యూషన్లు. ఇప్పుడు డిగ్రీ చేద్దామనుకుంటే ఇంట్లో అందరూ అదే అంటున్నారు, "ఇన్నాళ్లూ చేస్తున్నది సేవ కాదా, దానికి మళ్లీ చదువెందుకు" అని. నాకే గట్టిగా జవాబు దొరకడం లేదు.

మేఘమాల

మీరు చేస్తున్నది తక్కువ పని కాదండీ, ముందు అది ఒప్పుకోవాలి. ఈ ప్రశ్న ఈ వృత్తి మొదలైనప్పటి నుంచీ ఉన్నదే. 1915లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే అమెరికా విద్యానిపుణుడు అక్కడి సోషల్ వర్కర్ల జాతీయ సభకి వచ్చి, సోషల్ వర్క్ ఇంకా వృత్తి కాలేదని మొహం మీదే చెప్పి వెళ్లాడు, దానికంటూ ప్రత్యేకమైన విద్య, పద్ధతి ఉన్నాయా అని. ఆ మాట వాళ్లని ఎంతగా కుదిపిందంటే, తర్వాత చాలా ఏళ్లు ఆ పద్ధతిని కట్టుకోవడంలోనే గడిపారు. వీధిబడి గారు చెప్పిన 1917 పుస్తకాన్ని ఆ నేపథ్యంలోనే చూడాలి. బొంబాయిలో 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరుతో సోషల్ వర్క్ స్కూలు పెట్టేనాటికి ఇది చదివి నేర్చుకోవాల్సిన పని అని చాలా దేశాల్లో ఒప్పుకున్నారు.

మీకు చదువు ఏం ఇస్తుందో ఒక ఉదాహరణతో చెప్తాను. వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడ కొడుకు దగ్గరికి తిరిగి వెళ్లిపోతానంటుంది, అక్కడ ఆమెని సరిగ్గా చూడరని మీకు తెలుసు. మంచి మనసున్న మనిషి "వద్దమ్మా, ఇక్కడే ఉండు" అంటాడు. శిక్షణ ఉన్న సోషల్ వర్కర్ ఆమె నిర్ణయానికి విలువిస్తూనే, వెళ్తే ఏమేం ఎదురవ్వచ్చో ఆమెతోనే ఆలోచింపజేస్తాడు, కొడుకుతో ఆమె ఎదుటే మాట్లాడతాడు, వెళ్లాక ఎవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాసిస్తాడు, ఆమెకి ఆలోచించి నిర్ణయించుకునే శక్తి ఉందా లేదా అన్నది కూడా చూస్తాడు. కేస్ వర్క్‌లో ఎదుటి మనిషితో సంబంధం ఎలా ఉండాలో ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాల్లో స్వయం నిర్ణయం ఒకటి, అంటే తన విషయం తానే నిర్ణయించుకోవడం. పరీక్షకి ఏడూ బట్టీ పట్టొచ్చు. ఆవిడ ముందు కూర్చుని "వద్దు" అనే మాటని నోట్లోనే ఆపుకోవడం మాత్రం ఫీల్డ్‌లో, పక్కన చూసేవాళ్లు ఉంటేనే వస్తుంది.

వయసు అడ్డం కాదు. మీ క్లాసులో మీకంటే చిన్నవాళ్లు ఎక్కువ ఉంటారు, కష్టం ఏమిటంటే ఇన్నాళ్లూ అలవాటైన సలహాలిచ్చే పద్ధతిని కొంత పక్కన పెట్టాల్సి ఉంటుంది.

రెండోషిఫ్ట్

ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లు ఒక్క విషయం లెక్కేసుకోండి. థియరీ రాత్రుళ్లు చదువుకోవచ్చు, అసైన్‌మెంట్లు సెలవు రోజున రాసుకోవచ్చు, ఫీల్డ్ వర్క్ గంటలని మాత్రం ఎక్కడికీ జరపలేం. ఏజెన్సీ, అంటే మనల్ని ఫీల్డ్ వర్క్‌కి వేసే ఆసుపత్రో సంస్థో, పనిచేసేది పగటి పూట. అమెరికాలో గుర్తింపు ఉన్న కోర్సుల్లో డిగ్రీకి కనీసం 400 గంటలు, పీజీకి కనీసం 900 గంటలు ఫీల్డ్‌లో ఉండాలి, మిగతా చోట్ల లెక్క వేరైనా భారం తక్కువేం కాదు. చాలావరకు జీతం రాని గంటలే. ప్రయాణ ఖర్చు కూడా మనదే. నేను చదువుతూ పనిచేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, డబ్బున్న ఇంటి పిల్లలకి ఇది ఇబ్బంది అనిపించదు, మిగతావాళ్లు మధ్యలో మానేస్తున్నది ఇక్కడే. సామాజిక న్యాయం గురించి నేర్పే డిపార్ట్‌మెంట్లు ముందు ఈ సంగతి చూడాలి, నాకు ఇందులో రెండో మాట లేదు. సగంచదువు గారూ, చేరేముందు కాలేజీని ఫీల్డ్ వర్క్ రోజులు ఏవి, ఏజెన్సీ ఎంత దూరం, సొంతంగా ఏజెన్సీ ఎంచుకోవచ్చా అని రాతపూర్వకంగా అడగండి. ఫీజు కంటే ముందు అడగాల్సింది అదే.

తోవ

ఫైనల్ ఇయర్. కొత్తచిగురూ, చదువు సరిపడదేమో అన్నావు కదా. మా బ్యాచ్‌లో మానేసినవాళ్లలో ఎక్కువమంది పని రాక మానలేదు, విన్నది మోయలేక మానేశారు. పిల్లల సంరక్షణ కేంద్రంలో వేసిన ఒకమ్మాయికి అక్కడ విన్న సంగతులు నిద్రలో కూడా వచ్చేవి, ఎవరికీ చెప్పుకోలేదు, గోప్యత అంటే ఎవరితోనూ మాట్లాడకూడదనుకుంది. సూపర్‌విజన్‌లో మాట్లాడొచ్చు, మాట్లాడాలి. ఐసీ (సూపర్‌వైజర్‌తో ఒక్కరుగా కూర్చోవడం), జీసీ (గ్రూపుగా కూర్చోవడం) అని వారం వారం పెట్టేది హాజరు కోసం కాదు. క్రిస్టినా మాస్లాక్ అనే సైకాలజిస్టు 1981లో ఇంకొకరితో కలిసి బర్నవుట్ (పని ఒత్తిడితో లోపల ఖాళీ అయిపోవడం) కొలవడానికి ప్రశ్నావళి తయారుచేసింది, అందులో మూడు పార్శ్వాలు ఉంటాయి. మనసు అలిసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిలా చూడలేకపోవడం, నేను చేసేదేం లేదనిపించడం. నీకు అనిపిస్తున్నది ఆ మూడోదానిలా కనిపిస్తుంది కానీ, నువ్వింకా మొదలే పెట్టావు, నీది కొత్తదనం వల్ల వచ్చిన తడబాటు. రెండోది ఎప్పుడైనా మొదలైతే, అంటే పేషెంట్‌ని బెడ్ నంబరుతో పిలవడం అలవాటైతే, అప్పుడు ఆగి ఎవరితోనైనా మాట్లాడు.

కొత్తచిగురు

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు.

ఈ వారం వెళ్లినప్పుడు మందుల మాటే ఎత్తలేదు. నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పండి అన్నాను. మేడం గారు అన్నట్టు వివరాలు రాయను. ఆయన పనివేళలకీ చీటీ మీద రాసిన మందు వేళలకీ అసలు పొంతన లేదు, పైగా మందు వేసుకుంటే పనిలో ఉండగా ఒంట్లో తేడా చేస్తుందని భయం. ఈ సంగతి డాక్టరుకి తెలియదు, ఎవరూ అడగలేదట, ఆయనా చెప్పలేదు. రికార్డు ఐదు పేజీలు వచ్చింది, రెండో గడి కూడా నింపాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేనే వెళ్లి డాక్టరుకి చెప్పేస్తే పని అయిపోతుంది కదా? లేక ఆయన చేతే చెప్పించాలా? ఆయనకి డాక్టర్లంటే బెరుకు.

రికార్డు_బుక్

మొదట ఆయన్నే అడుగు, "ఈ విషయం డాక్టరుగారికి తెలిస్తే మందు మార్చే వీలుంటుందేమో, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా, ఇద్దరం కలిసి వెళ్దామా" అని. ఎక్కువమంది మూడోది కోరుకుంటారు. అప్పుడు రౌండ్స్‌కి ముందు ఆయనతో కూర్చుని ఏం చెప్పాలో రెండు వాక్యాలు అనుకోండి, కావాలంటే నువ్వు డాక్టరులా అడుగు, ఆయన జవాబు చెప్పి చూసుకుంటాడు. రౌండ్స్‌లో డాక్టరు మంచం దగ్గర నిలబడేది చాలా తక్కువ సేపు, అందుకే ముందే అనుకోవాలి. ఆయన తడబడితే నువ్వు అందుకో, మొత్తం నువ్వే మాట్లాడెయ్యకు. రేపు నువ్వు లేనప్పుడు కూడా ఆయన డాక్టరుతో మాట్లాడగలగాలి కదా.

అయితే ఆలస్యం చెయ్యకు. ఒంట్లో తేడా అంటే షుగర్ మరీ పడిపోవడం కూడా కావచ్చు, అది మనం తేల్చేది కాదు, వైద్యం చేసేవాళ్లకి త్వరగా తెలియాలి. డిశ్చార్జి లోపు అయ్యేలా చూడు, ఈరోజే మీ ఏజెన్సీ సూపర్‌వైజర్ చెవిన వెయ్. ఆ సంగతి కూడా ఆయనకి చెప్పి వెయ్యి.

వీధిబడి

ఐదు పేజీలా, శభాష్ అమ్మా. అదే వార్డులో వేళాపాళా లేని పనులు చేసేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో చూడు. నలుగురైదుగురు దొరికితే వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టడమే నీ గ్రూప్ వర్క్ అవుతుంది. ఒకరు ఎలా సర్దుకుంటున్నారో ఇంకొకరికి చెప్తారు, చీటీ మీద పొద్దున-సాయంత్రం అని కాకుండా పని వేళలు అడిగి రాయమని వాళ్లే అడగొచ్చు.

తోవ

ఇదే డిసర్టేషన్ టాపిక్ కూడా అవుతుంది కదా మేడం? షిఫ్టుల్లో పనిచేసే షుగర్ పేషెంట్లు, మందుల వాడకం. డేటా కూడా అక్కడే దొరుకుతుంది.

మేఘమాల

టాపిక్ మంచిదే, డేటా మాత్రం ఇప్పుడు తీసుకోకూడదు. ఫీల్డ్ వర్క్ రికార్డులు వాళ్ల సహాయం కోసం రాసినవి, పరిశోధన కోసం వాళ్లు ఇచ్చినవి కావు. విడిగా ప్రపోజల్ రాసి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, ఆసుపత్రి అనుమతి తీసుకుని, అప్పుడు సమ్మతి పత్రంతో వెళ్లాలి. పైగా రోజూ తనకి సాయం చేస్తున్న అమ్మాయే సంతకం పెట్టమంటే ఏ పేషెంటూ కాదనలేడు, కాబట్టి కొత్తచిగురు తను చూస్తున్నవాళ్లని శాంపిల్‌లో పెట్టుకోకూడదు, వేరే వార్డు ఎంచుకోవాలి, లేదా సమ్మతి వేరే మనిషి అడగాలి. ప్రపోజల్ రాసేటప్పుడు ఇక్కడ పెట్టండి, చూస్తాను.